అక్క ఆగిన చోట్లు

అక్క వానలు మొదలైన వారంలో పోయింది. ఆమె పాఠాల్లోని మౌనాలు పోయింది మాత్రం ఎండ ఫెళ్ళున కాస్తున్న ఒక మంగళవారం, యూనివర్సిటీ ఆడియో గదిలో. మొదటిదానికి ఎవర్ని తిట్టాలో చిన్నికి తెలియలేదు. రెండోదానికి తెలిసింది.

చిన్ని అనేది ఇంట్లో పిలుపు. బయట ఆమె నలభై దాటిన లెక్కల టీచరు. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, పిల్లలు నోళ్ళు మూసుకుని పుస్తకాలు తెరుస్తారు. అక్క చెప్పి రికార్డు చేసిన పాఠాలన్నీ తయారయ్యాయి, విడుదలకి ముందు వచ్చి ఒకసారి వినమని కబురొస్తే, మధ్యాహ్నం క్లాసు ఇంకొకరికి అప్పగించి బస్సెక్కి వచ్చింది.

ఆడియో గదికి ఉన్నది ఒక్కడే మనిషి. రికార్డు చేసేదీ అతనే, కోసేదీ అతికించేదీ అతనే. డిపార్ట్‌మెంటంతా అతన్ని కత్తెర అంటారు. ఫోనెత్తితే అతను కూడా "కత్తెరని మాట్లాడుతున్నా" అనే అంటాడు. మంచివాడు. అక్క రికార్డింగుకి వచ్చే రోజున కుర్చీ కిర్రుమనకుండా దాని కాళ్ళకి గుడ్డలు చుట్టి ఉంచేవాడు. ఏసీ మోత మైకులో పడుతుందని ఆపేస్తే గది కొలిమిలా తయారయ్యేది. ఒక పాఠం అవగానే తలుపు తెరిచి, అట్టముక్క పట్టుకుని అక్కకి విసిరేవాడు.

"కూర్చోండి టీచరుగారూ," అని హెడ్‌ఫోన్లు చొక్కా అంచుకి తుడిచి ఇచ్చాడు. "అరగంట పాఠం ఎంతకి దించానో చూడండి. మధ్యమధ్యలో ఉన్న గాలంతా తీసేశాను. ఇప్పుడు నీళ్ళలా సాగిపోతుంది."

చిన్ని కళ్ళు మూసుకుంది. అక్క గొంతు చెవుల్లోకి వచ్చింది.

"ఒక ట్యాంకులో మూడింట రెండు వంతుల నీళ్ళున్నాయి. వాటిలో సగం వాడేశాం. ఇప్పుడు ట్యాంకులో ఎన్నో వంతు నీళ్ళున్నాయి? ఆగండి. నేను చెప్పను. మీరు చెప్పండి. మూడో వంతు. ఎలాగో చూద్దాం."

చిన్ని కళ్ళు తెరిచింది. వెనక్కి తిప్పి మళ్ళీ వింది. "మీరు చెప్పండి" అన్నదానికీ "మూడో వంతు" అన్నదానికీ మధ్య ఊపిరి పీల్చేంత సందు కూడా లేదు. ముందుకి జరిపింది. ఇంకో ప్రశ్న. దాని వెంటే జవాబు. ఇంకోటి. అదీ అంతే.

"అసలు రికార్డింగు ఏది?" అంది.

"అసలంటే?"

"నువ్వు కొయ్యనిది."

కత్తెర మొహంలో నవ్వు సగంలో నిలిచిపోయింది. "అది ఉండదండీ. డైరెక్టరు గారు ఓకే అనగానే అసలుది తుడిచేస్తాం. ఇక్కడి పద్ధతే అది. డిస్కులో చోటుండదు."

"ఈ ఒక్క పాఠానిదేనా?"

"అన్నీ ఒకేసారి అయిపోయాయండి. సార్ పొద్దున ఓకే చేశారు. నేను భోజనానికి వెళ్ళే ముందు తుడిచేశాను."

చిన్ని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. గట్టిగా పెట్టలేదు. గట్టిగా పెడితే విరిచేసేదాన్నని ఆ తర్వాత తనే చెప్పింది.

ఆ పాఠాల పేరు "లెక్క మీదే". బడి మానేసి ఏళ్ళు గడిచాక మళ్ళీ పుస్తకం పట్టిన వాళ్ళ కోసం. దుకాణాల్లో నిలబడేవాళ్ళు, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళు, లారీలు నడిపేవాళ్ళు, పిల్లల్ని బడికి దింపి వచ్చి తాము చదువుకునే తల్లులు, ఇలాంటివాళ్ళు యూనివర్సిటీ దూరవిద్య విభాగంలో చేరేవాళ్ళు. వాళ్ళకి లెక్కలు చెప్పేది అక్క. ప్రశ్న అడిగి, చేతులు కట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేది. చురుకైనవాడెవడైనా నోరు తెరవబోతే, "ఆగండి, మీ పక్కావిడ ఇంకా చేస్తోంది" అనేది. అందుకని ఆమెకి "ఆగండి మేడం" అని పేరు పడింది. ఆ పేరు విని మురిసిపోయేది కూడా.

ఇంట్లో మాత్రం ఆమెకి ఆగడమనేది తెలియదు. "అక్కా, నిన్న ఏమైందంటే" అని చిన్ని మొదలుపెట్టేలోపే "బస్సు తప్పిపోయుంటుంది, అంతేగా" అని ముగించేసేది. చాలాసార్లు నిజంగా అంతే అయ్యేది. అది ఇంకా ఒళ్ళు మండించే సంగతి.

పాఠాలు అక్కాచెల్లెళ్ళు అక్క వాళ్ళింట్లో భోజనాల బల్ల మీద తయారుచేశారు. చిన్ని రాసేది, అక్క కొట్టేసేది. రాసినదాంట్లో ఎక్కడ ఆగాలో అక్కడ మార్జిన్‌లో సున్న చుట్టుకునేవారు. ఎంతసేపు ఆగాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

"క్లాసులో అయితే మొహాలు చూసి తెలుసుకుంటాను," అంది అక్క. "మైకుకి మొహం ఎక్కడుందే?"

"అన్నిచోట్లా అర నిమిషం పెట్టుకుందాం."

"అన్ని లెక్కలూ అర నిమిషంలో తెమిలితే నువ్వూ నేనూ ఎందుకు? ఒక పని చెయ్. రికార్డింగులో నా ఎదురుగా కూర్చో. నేను ప్రశ్న అడుగుతాను, నువ్వు పెన్సిల్‌తో చెయ్. నువ్వు తలెత్తాకే నేను మాట్లాడతాను."

"ఆ లెక్కలు నాకు చిటికెలో పని."

"నీ సంగతి ఎవరడిగారు? నీ క్లాసులో అందరికన్నా నిదానంగా చేసే పిల్ల ఉంటుందిగా, ఆ పిల్లలా చెయ్. వేళ్ళు మడిచి లెక్కపెట్టు. ఒకసారి తప్పు చేసి చెరిపెయ్."

అలాగే చేశారు. రబ్బరు గుడ్డ పరిచిన చిన్న బల్లకి అటు అక్క, ఇటు చిన్ని. చేతి గడియారాలు తీసి బయట పెట్టేవారు. అక్క ప్రశ్న అడిగేది. చిన్ని తలొంచుకుని పెన్సిల్ నడిపేది, చెరిపేది, మళ్ళీ రాసేది. జన్మలో ఎవరి మాటా పూర్తి కానివ్వని అక్క, పెదవి బిగించి, చెల్లెలి పెన్సిల్ మొన చూస్తూ కూర్చునేది. చిన్ని కావాలనే ఇంకొంచెం సాగదీసిన రోజులున్నాయి. అక్క ముక్కుపుటాలు అదిరేవి కానీ మాట్లాడేది కాదు.

ఆ మౌనాలు ఖాళీవి కావు. వాటిలో కాగితం మీద పెన్సిల్ గీరుకునే చప్పుడుంది, రబ్బరు పొట్టుని ఊదిన చప్పుడుంది. వినేవాళ్ళకి, తమతో పాటు ఇంకెవరో ఆ లెక్కే చేస్తున్నారని తెలిసేది. ఒంట్లో జబ్బు ముదిరాక కూడా అక్క ఈ పద్ధతి మార్చలేదు.

ఇదంతా మంగళవారం భోజనాల వేళకి తుడిచిపెట్టుకుపోయింది.

"ఎందుకు చేశావు?" అని అడిగింది చిన్ని కత్తెరని.

"చెప్తే కోప్పడతారు."

"ఇప్పుడు ముద్దు చేస్తున్నానా?"

"ఆయాసం వల్ల అనుకున్నానండీ. మాట్లాడి మాట్లాడి ఆగిపోతున్నారు కదా, పాపం ఊపిరి అందడం లేదనుకున్నాను. వినేవాళ్ళు మేడం మీద జాలిపడకూడదని తీసేశాను."

"ఆగండి, మీరు చెప్పండి అని నోటితో అంటోంది కదా. అది కూడా ఆయాసమేనా?"

"నేను మాటలు వినను టీచరుగారూ. నాకు తెర మీద గీతలే కనిపిస్తాయి. గీత పడుకున్న చోటల్లా కోస్తాను."

"పెన్సిల్ చప్పుడు?"

"మీరు పక్కన నోట్సు రాసుకుంటున్నారనుకున్నాను. డిస్టర్బెన్స్ అని..." అని ఆగిపోయాడు.

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి చిన్నికి ఇంకా మండింది. అంత దయతో చేసినవాణ్ణి కడుపారా తిట్టడానికి కూడా లేకుండా పోయింది. లేచి డైరెక్టరు గదికి నడిచింది.

డైరెక్టరు ఆమెని చూడగానే సంతాపం మొహం పెట్టాడు. "రామ్మా. శుక్రవారం సంతాప సభకి మొదటి పాఠం వినిపిస్తున్నాం. పెద్ద ఫోటో కూడా చేయించాను."

చిన్ని నిలబడే చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు, లేదా విన్నట్టు కూర్చున్నాడు.

"చూడమ్మా, ఈ కాలంలో ఎవరూ అంతసేపు ఆగరు. నాలుగు క్షణాలు ఏమీ వినపడకపోతే వేలితో నెట్టేసి వేరేదానికి వెళ్ళిపోతారు. కత్తెర చేసింది ఒకందుకు మంచిదే."

"ప్లానింగ్ మీటింగులో ఈ మౌనాలు ఎందుకు పెడుతున్నామో అక్క మీకు చెప్పింది. మీరు తల ఊపారు."

"మీటింగుల్లో నేను చాలావాటికి తల ఊపుతానమ్మా."

"అయితే దీనికీ ఊపండి. శుక్రవారం ఇది వినిపించకండి. బయటికి వదలకండి. ప్రశ్న అడిగి జవాబు నోట్లో కుక్కే మనిషి కాదు మా అక్క."

"ఇప్పుడు పోయిందేముంది? ఖాళీయేగా. ఎక్కడెంత కావాలో చెప్పండి, తర్వాత పెట్టిస్తాను."

"శుక్రవారం సభలో రెండు నిమిషాలు మౌనం పాటిస్తారుగా?"

"పాటిస్తాం. ఎందుకు?"

"అదీ ఖాళీయే. కోసెయ్యండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది వేరమ్మా," అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. "మీ బావగారికి పొద్దునే పంపించాను. ఆయన విని, చాలా బావుంది, విడుదల చెయ్యండన్నారు. ఇక ఇందులో మీరు అడ్డం పడితే బావుండదు."

చిన్ని అక్కణ్ణుంచి తిన్నగా బావ దగ్గరికి వెళ్ళింది. దారి పొడుగునా ఏమనాలో కూడబలుక్కుంది. ఆయన వంటింట్లో గట్టుకి ఆనుకుని ఉన్నాడు. ఫోను గిన్నెల మధ్య నిలబెట్టి ఉంది. అందులోంచి అక్క గొంతు వస్తోంది, ప్రశ్న వెంట జవాబు, ప్రశ్న వెంట జవాబు.

"బావా, అది ఆపు."

"ఉండు చిన్నీ, అయిపోవచ్చింది."

"అందులో ఏం పోయిందో నీకు తెలుస్తోందా?"

బావ ఫోను ఆపాడు. చిన్ని జరిగిందంతా చెప్పింది. విన్నాడు. ఆయన నెమ్మదస్తుడు, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వినడం ఆ ఇంట్లో ఆయనొక్కడి పని.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది," అన్నాడు. "కానీ నాకు ఇలాగే బావుంది."

"బావుందా?"

"మీ అక్క క్లాసులో ఎలా ఉండేదో నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఎప్పుడైనా ఆగిందా చెప్పు? నేను నోరు తెరిచేలోపు జవాబు చెప్పేసేది. ఇది వింటుంటే పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టుంది. శుక్రవారం దాకా కూడా ఎందుకు, రోజూ వింటాను నేను."

కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ చిన్నికి పనికిరాలేదు. ఆయన మీద కోప్పడటానికి ఆమెకి హక్కు లేదు. కోపం మాత్రం వచ్చింది. అక్క ఏ ఒక్కచోట ఓపిక పట్టిందో, ఆ ఒక్కచోటు ఇంట్లోవాళ్ళలో తనకొక్కదానికే తెలుసు, ఆ చోటుని ఈయనకి చూపించే దారి లేదు.

"మొగుడివి కదా, నీ మాటే చెల్లుతుంది," అంది.

"అలా అనకు."

"మరెలా అనను?"

చిన్ని మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేసింది.

శుక్రవారం సభ సెమినార్ హాల్లో జరిగింది. ముందు వరసల్లో యూనివర్సిటీవాళ్ళు, వెనక వరసల్లో అక్క పాత విద్యార్థులు. పనుల్లోంచి అలాగే వచ్చినట్టున్నారు, కొందరు యూనిఫారాల్లోనే ఉన్నారు. మౌనం పాటించారు. డైరెక్టరు గడియారం చూసుకుంటూ నిండా రెండు నిమిషాలూ నిలబడ్డాడు. కూర్చునేటప్పుడు చిన్ని వైపు ఒకసారి చూశాడు.

తర్వాత పాఠం వేశారు. చిన్ని వెనక్కి తిరిగి చూసింది. "ఆగండి, నేను చెప్పను" అని అక్క గొంతు వినపడగానే, వెనక వరసల్లో తలలన్నీ ఒక్కసారిగా కిందికి వంగాయి. ఎవరి చేతికి ఏది దొరికితే అది తీశారు, పెన్ను, కాగితం, ఆహ్వానపత్రం వెనకవైపు. అంతలోనే "మూడో వంతు" అని వినిపించింది. తలలు లేచాయి. పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నారు. రెండో ప్రశ్నకి సగం తలలే వంగాయి. మూడోదానికి ఎవరూ వంచలేదు. ముందు వరసలో ఎవరో "ఎంత చురుగ్గా చెప్పేవారో" అని మెచ్చుకున్నారు.

పాఠం అయ్యాక డైరెక్టరు చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ చప్పట్ల మధ్య, వెనక వరసలో యూనిఫారంలో ఉన్న ఒక నర్సు పక్కావిడతో అన్న మాట చిన్నికి వినపడింది. "మేడం ఇలా చెప్పేది కాదే. తొందరపడినట్టుంది."

"ఆఖర్లో వంట్లో బాగోలేదు కదా. టైము లేదని గబగబా కానిచ్చేసి ఉంటుంది పాపం," అంది ఆ పక్కావిడ.

చిన్ని లేచి వెనక్కి తిరిగింది. క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతు ఆమెది.

"తొందరపడలేదు," అంది. "ఊపిరి అందని రోజున కూడా మీకోసం ఆగింది. ఆగిన చోటల్లా వీళ్ళు కోసేశారు. కోసి, అసలుది తుడిచేశారు."

చప్పట్లు ఆగిపోయాయి. బావ తల దించుకున్నాడు. డైరెక్టరు మైకు అందుకుని, చిన్న సాంకేతిక విషయమని, బాధలో ఉన్న కుటుంబమని, బయట టీ ఏర్పాటు చేశామని చెప్పాడు. జనం టీకి లేచారు. ఆ సాయంత్రమే పాఠాలన్నీ యూనివర్సిటీ పేజీలోకి ఎక్కాయి, అక్క ఫోటోతో సహా.

తర్వాతి వారం కత్తెర మైకు సంచీ భుజాన వేసుకుని చిన్ని బడికి వచ్చాడు.

"ఏం చెయ్యమంటే అది చేస్తాను టీచరుగారూ. ముందు నాలుగు తిట్టండి, నా మనసు తేలికవుతుంది."

"నీ మనసు తేలిక చెయ్యడం నా పని కాదు. మైకు పెట్టు."

రాతప్రతులు చిన్ని దగ్గరున్నాయి, సున్నలతో సహా. తానే మళ్ళీ కూర్చుని లెక్కలు చేస్తే, ఆ చప్పుడుని ఆ సందుల్లో పెట్టొచ్చనుకుంది. స్టాఫ్‌రూమ్ తలుపు మూసి కూర్చున్నారు. కత్తెర అక్క గొంతు వినిపించి ఆపాడు. చిన్ని పెన్సిల్ పట్టుకుంది. కానీ ఆ లెక్కలు విని విని, రాసి రాసి, జవాబులు చేతివేళ్ళలోకి దిగిపోయాయి. ఎంత నిదానంగా చేసినా నటన అని తనకే తెలిసిపోతోంది. పైగా తలెత్తితే ఎదురుగా ఖాళీ కుర్చీ. రెండుసార్లు చేసి, పెన్సిల్ కింద పెట్టేసింది.

"జవాబు తెలియనివాళ్ళు కావాలి," అంది.

మర్నాడు మైకుని ఆరో తరగతిలో పెట్టారు. అక్క గొంతు ప్రశ్న అడిగి ఆగిపోగానే క్లాసంతా పెన్సిళ్ళు నడిచాయి. మొదట లేచిన చేతుల్ని చిన్ని కళ్ళతోనే దింపేసింది. అందరూ చేసేసినా కిటికీ పక్క పిల్ల ఒకతె ఇంకా వేళ్ళు మడుస్తోంది. పిల్లలు ఆమెని నిదానం అంటారు.

"టీచర్, నిదానం అయ్యేసరికి బెల్లు కొట్టేస్తారు," అన్నాడొకడు.

"కొట్టనీ," అంది చిన్ని.

"తొందరపెట్టకండి టీచర్, ఒకసారి తప్పొచ్చింది," అంది ఆ పిల్ల తలెత్తకుండానే, చెరుపుతూ.

ఆ పిల్ల తలెత్తినప్పుడు చిన్ని కత్తెరకి సైగ చేసింది. అలా ఒక్కో ప్రశ్నకీ ఆ పిల్లకి పట్టినంత సేపు ఆగారు. మొదటి పాఠం తయారైంది. తర్వాత రెండోది, ఆ తర్వాతవి. కత్తెర ఇప్పుడు గీతలు చూడకుండా, కళ్ళు మూసుకుని వింటూ అతికిస్తున్నాడు.

సరిచేసిన పాఠాలు తీసుకుని చిన్ని డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. విడుదలైనవాటిని మార్చడం కుదరదన్నాడాయన. జనం బాగా వింటున్నారట, ఇప్పుడు కదిలిస్తే విన్నవాళ్ళ లెక్కలు తారుమారవుతాయట, వచ్చే ఏడాది రెండో విడతలో చూద్దామన్నాడు. ఈసారి ఆయన తల కూడా ఊపలేదు. చిన్ని ప్రతి సోమవారం ఆయనకి ఉత్తరం రాస్తోంది. ఒకటే వాక్యం రాస్తుంది, తప్పుగా ఉన్నది తీసేసి సరైనది పెట్టమని. జవాబు రాలేదు. ఆమె కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

బావకి కూడా మొదటి పాఠం పంపింది. వింటానన్నాడు. విన్నాడో లేదో చెప్పలేదు.

ఇక మిగిలింది ఆఖరి పాఠం. అది రికార్డు చేసిన రోజు అక్క నిజంగానే ఆయాసపడింది. రాతప్రతిలో సున్న లేని చోట కూడా ఆగింది. చిన్ని లెక్క ముగించి తలెత్తాక కూడా అక్క ఒకటి రెండుసార్లు మాట్లాడలేదు, చేత్తో ఇంకా చెయ్యమని సైగ చేసింది. నిదానంగా చేసేవాళ్ళ కోసం ఆపిందో, ఊపిరి అందక ఆపిందో చిన్ని అప్పుడు అడగలేదు. కత్తెర అనుకున్నది ఆ ఒక్క పాఠంలో సగమైనా నిజమేమోనన్న ఆలోచన ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

"ఇక్కడ ఎంతసేపు పెట్టమంటారు?" అని కత్తెర రెండుసార్లు అడిగాడు.

చిన్ని చెప్పలేదు. ఆ పాఠం ఇంకా అలాగే ఉంది.